గిటార్ మెడ మీద బిళ్ల కదులుతుంటే: జిగురు పట్టుకునే ముందు చూడాల్సినవి

అకౌస్టిక్ గిటార్ ఫ్రెట్‌బోర్డ్ (మెడ మీద వేళ్లతో తీగలు నొక్కే పలక) మీద 3, 5, 7, 9, 12, 15 ఫ్రెట్ల (అడ్డంగా బిగించిన లోహపు మెట్ల) దగ్గర మెరిసే చుక్కలు పైన అంటించినట్టు కనిపిస్తాయి. నిజానికి అవి చెక్కలో తొలిచిన గుంటల్లో కూర్చోబెట్టిన బిళ్లలు. ఇన్‌లేలు అనేది వాటినే. మామూలు గిటార్లలో ఒక్కో బిళ్ల 5 లేదా 6 మి.మీ. వెడల్పు, ఒకటిన్నర నుంచి 2 మి.మీ. మందం ఉంటుంది. అంగుళాల కొలతతో చేసిన గిటార్లలో పావు అంగుళం, అంటే 6.35 మి.మీ. ఉంటుంది. బిళ్ల కింద పలుచటి జిగురు పొర ఉంటుంది. ఆ పొర పట్టు వదిలాక గోటితో తడితే బిళ్ల టిక్కుమంటుంది, కొన్ని స్వరాల దగ్గర గుయ్యిమని వణుకుతుంది. తీగను పక్కకు లాగి వాయించేటప్పుడు దాని అంచు వేలికి తగులుతుంది. చివరకు ఒకరోజు ఊడి కింద పడుతుంది.

ఇది చిన్న లోపం. చేతికందిన ఫెవిక్విక్ ట్యూబును బిళ్ల మీద నొక్కేస్తే మాత్రం పెద్దదవుతుంది. జిగురు చెక్క రంధ్రాల్లోకి పాకి గాజులా మెరిసే మచ్చ కడుతుంది, పక్కనున్న ఫ్రెట్‌కు అంటుకుంటుంది, బిళ్ల మాత్రం ఎప్పటిలాగే కదులుతూ ఉంటుంది. ఈ పనిలో జిగురు వంతు చాలా తక్కువ. ఏ బిళ్ల, ఎందుకు వదులైంది, కింద ఎంత ఖాళీ ఉంది అన్నవి తేల్చుకుంటే మిగతాది పావుగంట పని.

ఎందుకు వదులవుతుంది

మొదటి కారణం గాలిలో తేమ. ఫ్రెట్‌బోర్డ్‌కు ఎక్కువగా వాడేది రోజ్‌వుడ్, ఎబోనీ. భారతీయ రోజ్‌వుడ్ అంటే మన అడవుల్లో ఇరుగుడు అని పిలిచే చెట్టే. ఏ చెక్కయినా తేమ పీల్చుకున్నప్పుడు అడ్డంగా ఉబ్బుతుంది, ఆరినప్పుడు అడ్డంగానే కుదించుకుంటుంది. నార వెంట, అంటే మెడ పొడవునా, దాదాపు కదలదు. బిళ్లలకు వాడే ముత్యపు చిప్పకూ ప్లాస్టిక్‌కూ ఈ లక్షణం లేదు. అందువల్ల గుండ్రని గుంట కాలాన్ని బట్టి కొద్దిగా కోలగా మారుతుంటుంది, అందులోని బిళ్ల మాత్రం గుండ్రంగానే ఉండిపోతుంది. 6 మి.మీ. గుంటలో ఈ తేడా వెంట్రుక మందం కూడా ఉండదు. కానీ ప్రతి వేసవిలో నొక్కుకుపోతూ, ప్రతి వానాకాలంలో వదులవుతూ ఉంటే పెళుసుబారిన పాత జిగురు ఎన్నాళ్లో నిలవదు.

గిటార్ తయారీదారులు 45 నుంచి 55 శాతం తేమ మంచిదంటారు. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నాలు 30 శాతం కన్నా కిందికి పోతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో అదే గిటార్ 70, 80 శాతం తేమలో ఉంటుంది. అమెరికాలో చలికాలం హీటర్ వేసుకున్న ఇళ్లు హైదరాబాద్ వేసవికన్నా పొడిగా ఉండొచ్చు. ఇక్కడ కొని అక్కడికి పట్టుకెళ్లిన గిటార్లో మొదటి శీతాకాలంలోనే బిళ్లలూ ఫ్రెట్ల చివర్లూ బయటపడటానికి కారణం ఇదే.

అంచు చుట్టూ కనిపించే సందును భూతద్దంతో చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. సందు లావు తీగ వైపు, సన్న తీగ వైపు మాత్రమే ఉండి, మెడ పొడవు దిశలో బిళ్ల బిగువుగా ఉంటే అది చెక్క కదలిక. చుట్టూ ఒకే వెడల్పున ఉంటే తయారీలోనే గుంట పెద్దదిగా తొలిచి ఉండాలి, లేదా బిళ్లే కుంచించుకుపోయి ఉండాలి. పాత గిటార్లలో ముత్యంలా మెరిసే సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ బిళ్లలకు ఈ రెండో జబ్బు ఉంది. ఏళ్ల తరబడి అందులోని కర్పూరం ఆవిరైపోతూ బిళ్ల చిన్నదవుతుంది, అంచులు పైకి లేస్తాయి.

రెండో కారణం నూనె. ఫ్రెట్‌బోర్డ్ ఆరిపోయినట్టు కనిపించగానే లెమన్ ఆయిల్ రాయడం చాలామందికి అలవాటు. ఏడాదికి ఒకటి రెండు సార్లు, నాలుగైదు చుక్కలు రాసి తుడిచేస్తే నష్టం లేదు. నెలనెలా తడిసేలా రాస్తే నూనె అంచుల సందులోంచి కిందికి దిగి జిగురు పట్టును వదిలిస్తుంది. తర్వాత కొత్త జిగురునూ అంటనివ్వదు. ఎండలో నిలిపిన కారులో వదిలేసిన గిటార్లకు, ఫ్రెట్లు మార్పించేటప్పుడు వేడి, సుత్తి దెబ్బలు తిన్న ఫ్రెట్‌బోర్డులకు కూడా ఇదే గతి.

సరస్వతీ వీణకైతే మెట్లను మైనం మీద నిలబెడతారు. మెట్టు కదిలితే మైనాన్ని వేడిచేసి మళ్లీ సర్దొచ్చు. ఆ వెసులుబాటు గిటార్ బిళ్లకు లేదు. జిగురు ఒకసారి గట్టిపడితే వెనక్కి తీసుకోవడం కష్టం. అందుకే జిగురుకు ముందు పనే ఎక్కువ.

వణికేది బిళ్లేనా

గుయ్యిమనే చప్పుడు వినగానే బిళ్లనే అనుమానించకూడదు. ట్యూనింగ్ కీల మీది చిన్న నట్లు వదులైనా, ఫ్రెట్ చివర లేచినా, మెడ లోపలి ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ బిగువు తప్పినా అలాంటి చప్పుడే వస్తుంది. తేల్చుకోవడం తేలిక. చప్పుడు వచ్చే స్వరాన్ని వేరొకరు మీటుతుంటే బిళ్లను బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టాలి. చప్పుడు ఆగితే బిళ్లే. ఆగకపోతే పక్క ఫ్రెట్ చివర్లు, నట్లు ఒక్కొక్కటే నొక్కి చూడాలి. తర్వాత బిళ్ల మధ్యలోనూ నాలుగు అంచుల్లోనూ గోటితో తట్టి వినాలి. గట్టిగా కూర్చున్నచోట చెక్క శబ్దం వస్తుంది, ఖాళీ ఉన్నచోట పలుచగా డొల్లగా మోగుతుంది. ఒకే అంచు డొల్లగా ఉంటే పని చిన్నది.

బిళ్లను తీయాలా, ఉన్నచోటే అతికించాలా అన్నది టేపు తేలుస్తుంది. తీగలు తీసేసి, వెడల్పాటి ప్యాకింగ్ టేపును బిళ్ల మీద గట్టిగా రుద్ది ఒక్క ఊపులో నిట్టనిలువుగా లాగాలి. రెండు మూడు ప్రయత్నాల్లో వస్తే రానివ్వాలి. రాకపోతే దాన్ని తీయాల్సిన అవసరం లేదు. అక్కడ ఆగకుండా బ్లేడు మొనతో అంచును పైకి తన్నితే ముత్యపు చిప్ప పెచ్చులుగా విరుగుతుంది, గుంట అంచు నలిగి ఎప్పటికీ కనిపించే గాటు పడుతుంది. సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి తీయడం అనుభవమున్నవారి పని. ప్లాస్టిక్ కరుగుతుంది, సెల్యులాయిడ్ అయితే భగ్గున అంటుకుంటుంది. ఏ పదార్థమో తెలియని బిళ్లకు వేడి చూపించకూడదు.

ఉన్నచోటే అతికించడం

కదులుతుంది కానీ ఊడి రాని బిళ్లకు కావాల్సింది నీళ్లలా పలుచగా ఉండే సయనోఅక్రిలేట్, అంటే ఫెవిక్విక్ జాతి జిగురు. చిక్కటి జెల్ రకం పైనే నిలిచిపోతుంది. పలుచటిది వెంట్రుకంత సందులోకి కూడా దానంతటదే పాకుతుంది. తెల్ల ఫెవికాల్ ఇక్కడ పనికిరాదు. అందులోని నీరు చెక్కలోకి ఇంకితేనే అది బిగుస్తుంది. చిప్పా ప్లాస్టిక్కూ నీటిని పీల్చవు కాబట్టి జిగురు చెక్క వైపే పట్టుకుంటుంది, పైగా ఆ నీటికి గుంట ఉబ్బుతుంది.

ఎంత జిగురు కావాలో లెక్కేస్తే ఆశ్చర్యం వేస్తుంది. 6 మి.మీ. బిళ్ల కింద వైశాల్యం సుమారు 28 చదరపు మి.మీ. దాని కింద 0.1 మి.మీ. మందాన పొర పరచడానికి 3 ఘన మి.మీ. జిగురు కూడా పట్టదు. ట్యూబు మూతి నుంచి జారే ఒక్క బొట్టు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. ట్యూబుతో నేరుగా వేయకూడదు అనడానికి ఈ లెక్క చాలు.

కొద్దిగా వేయడానికి మంచి పనిముట్టు కుట్టుపని సూది. సూది బెజ్జం పై కొసను కటింగ్ ప్లయర్‌తో కత్తిరిస్తే రెండు కాళ్ల చిన్న చీలిక మిగులుతుంది. మొన వైపును పెన్సిల్ వెనక రబ్బరులో గుచ్చితే పట్టుకోవడానికి పిడి అవుతుంది. చీలికను జిగురులో ముంచి తీస్తే రెండు కాళ్ల మధ్య ఆవగింజలో సగమంత బొట్టు నిలుస్తుంది. కావాల్సింది అంతే. కత్తిరించేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, ముక్క ఎగురుతుంది.

ముందుగా ఏర్పాట్లు. గిటార్ పైపలకనూ సౌండ్‌హోల్‌నూ దళసరి అట్టతో కప్పాలి. పాలిష్ మీద పడిన జిగురు బొట్టును మచ్చ లేకుండా తీయడం దాదాపు అసాధ్యం. ఫ్రెట్‌బోర్డ్ మీది చెమట జిడ్డును లైటర్లలో పోసే నాఫ్తాతో తడిపిన గుడ్డతో తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వాలి. ఆ సేపు దగ్గర్లో మంట ఉండకూడదు. అసిటోన్ వద్దు. అది ప్లాస్టిక్ బిళ్లనూ మెడ అంచున ఉండే ప్లాస్టిక్ బైండింగ్‌నూ కరిగిస్తుంది. చౌక గిటార్లలో నలుపు రంగు వేసిన చెక్క రంగునూ లాగేస్తుంది. తర్వాత బిళ్ల చుట్టూ అర మి.మీ. చెక్క మాత్రం వదిలి మాస్కింగ్ టేపు అతికించి, అంచుల్ని గోటితో గట్టిగా రుద్దాలి.

ఇప్పుడు సూది చీలికను బిళ్ల అంచుకు ఒకచోట తాకించాలి. సందు ఉంటే బొట్టు చప్పున మాయమవుతుంది, అంచు వెంబడి తడి గీతలా పాకడం కంటికి కనిపిస్తుంది. రెండో బొట్టు అవసరమైతే ఎదుటి అంచున వేయాలి, మొదటిచోటే కాదు. నాలుగు వైపులా ఒకేసారి వేస్తే లోపలి గాలికి దారి మూసుకుపోయి మధ్యలో ఖాళీ అలాగే మిగిలిపోతుంది. వెంటనే పెన్సిల్ రబ్బరుకు పాలిథీన్ చుట్టి బిళ్లను నిమిషం పాటు నిట్టనిలువుగా నొక్కి పట్టాలి. ఆ తర్వాత పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలి, గోటితో తట్టి వినాలి. డొల్ల శబ్దం మిగిలిన వైపు ఇంకో బొట్టు.

మూడు తప్పులు ఇక్కడే జరుగుతాయి. పొంగిన జిగురును తడిగా ఉండగా తుడవడం మొదటిది. అది చెక్క రంధ్రాలన్నిటికీ పూసుకుపోతుంది. పొంగితే పొంగనిచ్చి, పూర్తిగా గట్టిపడ్డాక గీకడమే మేలు. దూదితోనో ఇయర్ బడ్‌తోనో అద్దడం రెండోది. నూలు తగలగానే ఈ జిగురు వేడెక్కి పొగలు కక్కుతుంది, చర్మం కాలుతుంది. త్వరగా బిగియాలని యాక్సిలరేటర్ స్ప్రే కొట్టడం మూడోది. జిగురు నురగలా తెల్లబడి బలం తగ్గుతుంది. కిటికీ తెరిచి, మొహం దూరంగా పెట్టి పనిచేయాలి. ఆ ఆవిరి కళ్లను మండిస్తుంది.

గట్టిపడిన జిగురును గీకడానికి కొత్త షేవింగ్ బ్లేడు చాలు. దాని రెండు చివర్లకూ టేపు చుట్టి మధ్యలో 8 మి.మీ. అంచు మాత్రం తెరిచి ఉంచాలి. బ్లేడును నిలువుగా పట్టుకుని కాస్త ముందుకు వంచి తన వైపుకు లాగితే జిగురు పలుచటి పొట్టుగా లేస్తుంది. టేపు చుట్టిన చివర్లు చెక్కను గీసుకోనివ్వవు.

ఊడివచ్చిన బిళ్ల

చేతిలోకి వచ్చిన బిళ్ల విషయంలో ముందు చూసుకోవాల్సింది దాని దిశ. ఫ్రెట్‌బోర్డ్ పైభాగం చదునుగా ఉండదు, అడ్డంగా కొంచెం గుండ్రంగా ఉంటుంది. ఆ వంపు మార్టిన్ గిటార్లలో సాధారణంగా 16 అంగుళాల వ్యాసార్ధం, టేలర్‌లో 15, గిబ్సన్‌లో 12. ఫ్యాక్టరీలో బిళ్లను అతికించాకే పైభాగాన్ని ఆ వంపుకు రుద్దుతారు. 16 అంగుళాలంటే 406 మి.మీ. నడి గీత మీద ఉన్న 6 మి.మీ. బిళ్లకు మధ్యకూ అంచుకూ మధ్య ఎత్తు తేడా 0.01 మి.మీ. మాత్రమే. దాన్ని ఎటు తిప్పి పెట్టినా ఫరవాలేదు. 12వ ఫ్రెట్ దగ్గరి జంట బిళ్లల సంగతి వేరు. నడి గీతకు 12 మి.మీ. దూరంలో ఉన్నాయనుకుంటే, ఒక్కో బిళ్ల నడిమి వైపు మందంగా, బయటి వైపు 0.18 మి.మీ. పలుచగా ఉంటుంది. అది దాదాపు రెండు కాగితాల మందం. తిప్పి పెడితే బయటి అంచు అంత మేర పైకి లేచి తీగకూ వేలికీ తగులుతుంది, లోపలి అంచు అంత మేర దిగిపోతుంది. మెడ వెడల్పున పరచిన 40 మి.మీ. పలక ఇన్‌లేలలో ఈ వంపు దాదాపు అర మి.మీ. కాబట్టి తీయడానికి ముందే బిళ్ల మీద చిన్న టేపు ముక్క అంటించి, ట్యూనింగ్ కీలుండే హెడ్‌స్టాక్ వైపు చూపే బాణం గుర్తు పెట్టుకోవాలి. జంట బిళ్లల్లో ఏది ఏ వైపుదో కూడా రాసుకోవాలి.

తర్వాత గుంటను శుభ్రం చేయాలి. పాత జిగురును సన్నటి ఉలితో గానీ విరిచిన బ్లేడు మొనతో గానీ అడుగు కనిపించేదాకా గోకి తీయాలి. లోతు పెంచకూడదు. ఫ్రెట్‌బోర్డ్ మందం మొత్తం 6 మి.మీ. చిల్లరే, దాని కింద ట్రస్ రాడ్ ఉంటుంది. నూనె ఇంకిన చెక్క అయితే నాఫ్తాతో రెండు మూడు సార్లు తుడవాలి. గుంటలో తెల్ల కాగితం అద్ది చూస్తే జిడ్డు మరక పడుతున్నంతవరకూ అది పూర్తయినట్టు కాదు. నున్నటి ప్లాస్టిక్ అయితే బిళ్ల అడుగును 220 నంబరు ఎమ్రీ కాగితం మీద నాలుగు సార్లు గీయాలి. పై ముఖాన్ని ముట్టుకోకూడదు.

బిళ్లను జిగురు లేకుండా ఒకసారి కూర్చోబెట్టి చూడాలి. గోరును చెక్క మీంచి బిళ్ల మీదికి పోనిస్తే ఎక్కడా తగలకూడదు. దిగిపోతే అడుగున కాగితం ముక్కో, పలుచటి చెక్క పొట్టో వేసి ఎత్తు సరిచేయాలి. పైకి నిలిస్తే గుంటలో జిగురు ఇంకా మిగిలిందని అర్థం. బిళ్లను రుద్ది సరిచేయాలనుకోవడం తప్పు. పాత బిళ్లకు ఆ వంపు ముందే ఉంది.

ఇక్కడ నమ్మదగ్గ జిగురు రెండు భాగాల ఎపాక్సీ, అరల్డైట్ లాంటిది. ఖాళీలను నింపుతుంది, గట్టిపడేటప్పుడు దాదాపు కుదించుకోదు, ఎత్తు సర్దుకోవడానికి సమయం ఇస్తుంది. 5 నిమిషాల రకం కన్నా నెమ్మదిగా బిగిసే మామూలు రకమే మెరుగు. రెండు ట్యూబుల నుంచి సమానంగా తీసి, నిమిషం పాటు పుల్లతో కలపాలి. కొలత తప్పినా సరిగా కలపకపోయినా ఎపాక్సీ రోజులు గడిచినా జిగటగానే ఉండిపోతుంది. సందు కనిపిస్తే అదే చెక్కను రుద్దిన పొడిని ఇందులో కలపాలి. ఎబోనీకి మెత్తటి బొగ్గుపొడి సరిపోతుంది. ఎపాక్సీలో పొడి తడిచెక్క రంగుకు తిరుగుతుంది కాబట్టి అనుకున్నదానికన్నా కొంచెం లేత పొడి తీసుకోవాలి.

బిగువుగా ఉన్న గుంటలో బిళ్ల పిచికారీలో ముషలకంలా పనిచేస్తుంది. కింద జిగురూ గాలీ చిక్కుకుని నొక్కిన కొద్దీ తిరిగి పైకి తోస్తాయి. దీన్ని తప్పించడానికి గుంట గోడ మీద పైనుంచి కిందికి సూదితో ఒక సన్నని గాడి గీయాలి. గాలి అందులోంచి పోతుంది. అడుగున టూత్‌పిక్‌తో పలుచగా పూసి, బిళ్లను ఒక వైపు నుంచి వాల్చి నొక్కాలి. పైన పాలిథీన్, దాని మీద 12 మి.మీ. చదరపు చెక్క ముక్క, ఆ మీదుగా మెడ చుట్టూ సైకిల్ ట్యూబు పట్టీ నాలుగు చుట్లు వేస్తే బిగింపు సరిపోతుంది. చెక్క ముక్క ఫ్రెట్లకు ఆనకుండా మధ్యలో పట్టాలి. 25.4 అంగుళాల స్కేలు (మోగే తీగ పొడవు) ఉన్న గిటార్లో 3వ ఫ్రెట్ ముందు 32 మి.మీ. చోటుంటుంది, 12వ దగ్గర 19, 15వ దగ్గర 16 మాత్రమే. ఇనుప క్లాంప్ వాడితే మెడ వెనక తోలు ముక్క పెట్టాలి, వేళ్లతో తిప్పినంత బిగువే చాలు. 24 గంటలు అలాగే వదిలేయాలి.

బిళ్ల పోతే

కింద పడి దొరకని బిళ్లకు బదులు కొత్తది తెచ్చుకునే ముందు గుంటను వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. పావు అంగుళం గుంటలో 6 మి.మీ. బిళ్ల పెడితే చుట్టూ 0.17 మి.మీ. నల్లటి గీత ఎప్పటికీ కనిపిస్తుంది. కొత్త బిళ్ల చదునుగా వస్తుంది కాబట్టి చెక్క కన్నా కాగితం మందం పైకి ఉండేలా అతికించి, తర్వాత రుద్దుకోవాలి. ముందు నున్నటి ఆకురాయి, తర్వాత చెక్క ముక్కకు చుట్టిన 320, 400, 600, 1000 ఎమ్రీ కాగితాలు. పక్కనున్న ఫ్రెట్లకు రెండు పొరల టేపు వేయాలి. ముత్యపు చిప్ప పొడి, రోజ్‌వుడ్ పొడి రెండూ ఊపిరితిత్తులకు మంచివి కావు. ఎన్95 మాస్కు పెట్టుకుని, పొడిని ఊదకుండా తడిగుడ్డతో ఎత్తాలి. మెడ పక్కన ఉండే 2 మి.మీ. చుక్క పోతే అదే మందం తెల్ల ప్లాస్టిక్ కడ్డీ ముక్కను అతికించి కోసేస్తే చాలు.

పెచ్చులు లేచిన పాత చిప్ప పనికీ, మెడంతా తీగలా అల్లుకున్న ఇన్‌లేకూ, కుంచించుకుపోయిన సెల్యులాయిడ్ పలకలున్న పాత ఖరీదైన గిటార్‌కూ ఇంటి పని తగదు. బిళ్లతోపాటు ఫ్రెట్‌బోర్డ్ అంచే మెడ నుంచి లేస్తున్నట్టు కనిపించినా అక్కడితో ఆగి, గిటార్లు బాగుచేసేవారికి అప్పగించాలి.

తీగలు వేశాక అదే స్వరాన్ని మళ్లీ మీటి వినాలి. రెండు రుతువులు గడిచాక ఇంకోసారి తట్టి చూడాలి. సయనోఅక్రిలేట్ పోసిన బిళ్ల వానాకాలంలో మళ్లీ టిక్కుమంటే లోపలి ఖాళీ అది నింపగలిగినదానికన్నా పెద్దదని అర్థం. అప్పుడు ఇంకో బొట్టు వేయకుండా, బిళ్లను బయటికి తీసి, గుంట గోకి, ఎపాక్సీతో కూర్చోబెట్టాలి.